టెస్టులను నడిపింది మనిషా, టైమరా? కోడుకు తెలిసేదెలా?

రాత్రిడ్యూటీ:
మా పైటెస్ట్ (పైథాన్‌లో టెస్టులు నడిపే సాధనం) టెస్టులు మూడు రకాలుగా మొదలవుతాయి: కోడు రాసుకునే పైచార్మ్‌లో ఆకుపచ్చ బాణం నొక్కితే, టెర్మినల్‌లో కమాండ్ ఇస్తే, లేదంటే రాత్రిపూట జెంకిన్స్ (ఇలాంటి పనులను తనంతట తానే నడిపే సర్వర్) టైమర్ లేపితే. నేను నడిపినప్పుడు బ్రౌజర్ కళ్లకు కనబడాలి, మెయిల్ వెళ్లకూడదు. టైమర్ నడిపితే బ్రౌజర్ కనబడనక్కర్లేదు, ఫెయిలైతే మాత్రం బృందమంతటికీ మెయిల్ వెళ్లాలి. కాన్ఫ్‌టెస్ట్ ఫైల్లో (టెస్టులకు ఉమ్మడి సెట్టింగులుండేది) ఉన్న పాత కోడు స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రాముకు ఇన్‌పుట్ వచ్చే దారి) టెర్మినలా కాదా అని చూసి తేలుస్తుంది. కానీ నేను టెర్మినల్‌లోనే నడిపినా కాదనే అంటోంది! సగం రాసిన టెస్టు ఫెయిలైన సంగతి నిన్న అందరికీ మెయిల్లో చేరింది. నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉందా?

గళ్లచొక్కా:
పైటెస్ట్ అవుట్‌పుట్‌ను తన దగ్గర పట్టి ఉంచుతుంది. ఆ పనిలోనే స్టాండర్డ్ ఇన్‌పుట్ స్థానంలో ఒక డమ్మీని పెడుతుంది. అది టెర్మినల్‌ను కాననే చెబుతుంది. కమాండ్‌లో మైనస్ ఎస్ ఇచ్చి, అంటే ఆ పట్టి ఉంచడాన్ని ఆపి, నడపండి, జవాబు మారుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే పేరున్న విలువలు) చూడటం మేలు. పైచార్మ్ నుంచి నడిపితే పైచార్మ్_హోస్టెడ్ ఉంటుంది, జెంకిన్స్ అయితే బిల్డ్_నంబర్ ఉంటుంది. జెంకిన్స్_యూఆర్ఎల్ మీద ఆధారపడకండి. సర్వర్ సెట్టింగుల్లో చిరునామా నింపి ఉంటేనే అది వస్తుంది.

పాతకాపు:
బిల్డ్_నంబర్ ఉంటే జెంకిన్స్ నడిపిందని తెలుస్తుంది, అంతే. మధ్యాహ్నం మీరే జెంకిన్స్‌లోకి వెళ్లి బిల్డ్ నౌ బటన్ నొక్కినా ఆ నంబర్ ఉంటుంది, మెయిల్ మళ్లీ వెళుతుంది. మీకు కావలసింది బిల్డ్ (జెంకిన్స్‌లో ఒక్కో రన్) మొదలవడానికి కారణం. డిక్లరేటివ్ పైప్‌లైన్‌లో (జెంకిన్స్ చేయాల్సిన దశలు రాసే చోటు) వెన్ బ్లాకు లోపల ట్రిగర్డ్‌బై రాసి టైమర్‌ట్రిగర్ అని ఇస్తే, టైమర్ లేపినప్పుడు మాత్రమే ఆ దశ నడుస్తుంది. జెంకిన్స్ లాంటి పనే చేసే గిట్‌ల్యాబ్‌లో ఇదే సమాచారం సీఐ_పైప్‌లైన్_సోర్స్‌లో దొరుకుతుంది: షెడ్యూల్, వెబ్, పుష్ వగైరా. గిట్‌హబ్ యాక్షన్స్‌లో గిట్‌హబ్_ఈవెంట్_నేమ్ ఉంది కానీ, దానితో ఒక చిక్కు. రాత్రి ఫెయిలైన రన్‌ను పొద్దున మీరు రీ-రన్ చేసినా అందులో షెడ్యూల్ అనే ఉంటుంది. గిట్‌హబ్_రన్_అటెంప్ట్ ఒకటి దాటిందా అని కూడా చూడాలి.

ఇంత చెప్పాను కానీ, టెస్టు కోడులో ఈ కూపీ లాగడమే నాకు నచ్చదు. మీరు అడుగుతున్నవి నిజానికి రెండు వేర్వేరు సంగతులు: బ్రౌజర్ కనబడాలా, మెయిల్ వెళ్లాలా. కాన్ఫ్‌టెస్ట్‌లో పైటెస్ట్_యాడ్ఆప్షన్ రాసి ఆ రెండింటికీ చెరొక ఆప్షన్ (బ్రౌజర్‌ను దాచేది ఒకటి, మెయిల్ పంపేది ఒకటి) పెట్టండి. ఏమీ ఇవ్వకపోతే బ్రౌజర్ కనబడుతుంది, మెయిల్ వెళ్లదు. టైమర్ దశలో ఉన్న కమాండ్‌లో మాత్రం రెండూ ఇవ్వండి. రేపు జెంకిన్స్ పోయి ఇంకొకటి వచ్చినా టెస్టుల్లో ఒక్క అక్షరం మార్చే పని ఉండదు.

రాత్రిడ్యూటీ:
పాతకాపు గారూ, అలాగే రాశాను. మెయిల్ ఆప్షన్ ఇస్తేనే వెళుతోంది. కానీ ఒకటికి బదులు ఐదు వస్తున్నాయి! ఎక్స్‌డిస్ట్‌తో (టెస్టులను ఒకేసారి పలు ప్రాసెస్‌లలో నడిపే పైటెస్ట్ ప్లగిన్) నాలుగు వర్కర్లు పెట్టి నడుపుతున్నాం.

పాతకాపు:
మెయిల్ పంపే కోడు సెషన్‌ఫినిష్ హుక్‌లో (టెస్టులన్నీ అయ్యాక పైటెస్ట్ పిలిచే ఫంక్షన్) ఉండి ఉంటుంది. అది ప్రతి వర్కర్‌లోనూ నడుస్తుంది, వాటిని నడిపించే అసలు ప్రాసెస్‌లోనూ నడుస్తుంది. నాలుగూ ఒకటీ ఐదు. పైటెస్ట్_ఎక్స్‌డిస్ట్_వర్కర్ అనే వేరియబుల్ వర్కర్లలోనే ఉంటుంది. హుక్ మొదటి వరుసలోనే అది ఉందేమో చూసి, ఉంటే అక్కడే రిటర్న్ చేయండి.