అమెరికా నాటకం ‘చక్కని కుటుంబం’ బొమ్మను నిజంగా పగలగొట్టిందా?

రంగప్రియ:
ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ మళ్లీ చదివాను. నాన్నకు ఉద్యోగం, అమ్మకు వంటిల్లు, ఇద్దరు కొడుకులు, సొంతిల్లు. ఈ బొమ్మను ఆ నాటకం బద్దలు కొట్టిందంటారు. నాకలా అనిపించదు. అందులోని సేల్స్‌మన్ విల్లీ లోమన్ భ్రమల్లో బతికాడు, కొడుకులకూ అవే నూరిపోశాడు, పోయాడు. చూసినవాళ్లు “పాపం, ఆ మనిషి తీరే అంత” అని కళ్లు తుడుచుకుని ఇంటికెళ్తారు. తప్పంతా మనిషి మీదకు పోయింది, బొమ్మ చెక్కుచెదరలేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఒప్పుకోలేనండీ. విల్లీ గుణగణాలు పక్కనపెట్టి లెక్క చూడండి. ఇంటి అప్పు 25 ఏళ్లది. ఆఖరి వాయిదా కట్టింది అతన్ని పూడ్చిన రోజే. ఇల్లు మనదైంది, ఉండటానికి మనుషులే లేరని అతని భార్య లిండా సమాధి దగ్గర ఏడుస్తుంది. అతను కారెక్కి చావుకెదురెళ్లింది 20,000 డాలర్ల బీమా సొమ్ము పెద్దకొడుక్కి పెట్టుబడి అవుతుందన్న ఆశతో. బతికున్న తండ్రి కంటే పోయిన తండ్రికే విలువ ఎక్కువైన ఇల్లది. దీన్ని ఒక్కడి బలహీనత అనగలమా? యుద్ధం నుంచి వచ్చినవాళ్లు అప్పుచేసి కొత్త ఇళ్లు కొంటున్న 1949లో, న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ప్రేక్షకుల ముందు పెట్టిన లెక్క ఇది.

పదేళ్లకు, 1959లో, లొరెయిన్ హాన్స్‌బెర్రీ ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’. అక్కడా తండ్రి చావే, బీమా సొమ్మే: 10,000 డాలర్లు. షికాగోలో ఇరుకు వాటాలో ఉంటున్న నల్లజాతి కుటుంబం, యంగర్లు. తల్లి 3,500 బయానా ఇచ్చి తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటుంది. మీరు రావద్దు, ఇల్లు మేమే కొనేసుకుంటాం అంటూ ఆ పేట సంఘం నుంచి ఒకాయన వస్తాడు. ఎంత మర్యాదగా మాట్లాడతాడో! ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండుతుంది. హాన్స్‌బెర్రీకి ఇది ఊహ కాదు. ఆమె తండ్రి 1937లో అలాంటి పేటలోనే ఇల్లు కొంటే, గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో తేలింది.

రంగప్రియ:
ఈ రెండో నాటకం నా వాదనకే బలం కదండీ! యంగర్ కుటుంబం కోరుకున్నది ఆ బొమ్మనే. సొంతిల్లు, పెరడు, అందరూ ఒకే కప్పు కింద. చివరికి సామాను సర్దుకుని వెళ్లేదీ అక్కడికే.

తెరచాటు:
నాటకకర్త ఎడ్వర్డ్ ఆల్బీని మరిచిపోయారు. ‘హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వూల్ఫ్?’లో భార్యాభర్తలు లేని కొడుకును ఉన్నట్టు చెప్పుకుంటూ కాపురం లాగుతారు. 1963లో జ్యూరీ దాన్ని అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతికి సిఫారసు చేస్తే, ఆ బహుమతి బోర్డు కాదంది. ఆ ఏడాది నాటకానికి బహుమతే ఇవ్వలేదు. బొమ్మకు దెబ్బ తగలకపోతే అంత ఉలుకెందుకు?

గోదారిగట్టు:
రంగప్రియ గారూ, కోరుకున్నారన్నది నిజమే. కానీ ‘మామూలు అమెరికన్ కుటుంబం’ అన్నప్పుడు వాళ్లను ఎవరూ లెక్కలో వేసుకోలేదు. వాళ్లు తలుపు తట్టాకే కదా, ఆ బొమ్మకు ఒక రంగు ఉందని బయటపడింది! ఆ ఇంటి కొడుకు వాల్టర్ చివరి ఘట్టం ఇంకోసారి చదవండి. బీమా సొమ్ములో మిగిలిన 6,500 డాలర్లు నమ్మినవాడి చేతిలో పోగొట్టుకుని, సంఘం ఇచ్చే డబ్బుకు చెయ్యి చాచబోయినవాడు. వాల్టర్ తల్లి, అతని పిల్లాడు ట్రావిస్‌ను అక్కడే నిలబెడుతుంది. కొడుకు చూస్తుండగా వాల్టర్ ఆ డబ్బు వద్దంటాడు. విల్లీ తన కొడుక్కి ఇవ్వబోయింది డబ్బే, గుర్తుంది కదా?

రంగప్రియ:
ట్రావిస్ ఘట్టం దగ్గర మీ మాట కాదనలేను. లిండా దగ్గర మాత్రం ఇంకా ఆగిపోతున్నాను. చిరిగిన మేజోళ్లు కుట్టుకుంటూ, భర్తను వెనకేసుకొస్తూ ఉండిపోయింది. ఆవిడకేం కావాలని మిల్లర్ ఎక్కడ అడిగాడో చూపించండి.