కంపెనీలు నిర్వహించే ప్రోగ్రామింగ్ పోటీలు డెవలపర్లకు న్యాయం చేస్తున్నాయా?

ప్రశ్న — తొలికోడ్

నమస్కారం. ఒక పెద్ద కంపెనీ ప్రకటించిన ప్రోగ్రామింగ్ పోటీలో పాల్గొనాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. పోటీ ఎనిమిది వారాలు సాగుతుంది. సరుకు రవాణా వాహనాలు ఏ దారిన, ఏ వరుసలో వెళితే ఇంధన ఖర్చు తగ్గుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ రాయాలి. ఇది ఆ కంపెనీ రోజువారీ వ్యాపారానికి నేరుగా పనికొచ్చే సమస్య. నగదు బహుమతి మొదటి మూడు స్థానాలకు మాత్రమే ఉంది.

నిబంధనల పత్రంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పోటీకి వచ్చిన ప్రతి ఎంట్రీనీ, అది గెలిచినా గెలవకపోయినా, ఏ చెల్లింపూ లేకుండా, కాలపరిమితి లేకుండా, తమకు నచ్చిన విధంగా వాడుకునే హక్కు కంపెనీకి ఉంటుందని అందులో రాశారు. ఈ సంగతి సహోద్యోగులకు చెబితే, "ఎవరూ బలవంతపెట్టడం లేదు కదా, నచ్చితే పాల్గొను, నచ్చకపోతే మానుకో" అన్నారు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయాను గానీ, దానితో నా మనసు సమాధానపడలేదు. ఇలాంటి పోటీలు పాల్గొనేవారికి న్యాయమైనవేనా? న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి దేన్ని చూడాలి?

సమాధానం — గ్రాఫ్‌బాట

తొలికోడ్ గారూ, ముందుగా రెండు రకాల పోటీలను విడదీసి చూడాలి. గూగుల్ 2003 నుంచి 2023 వరకు నడిపిన కోడ్ జామ్, ఫేస్‌బుక్ 2011లో మొదలుపెట్టిన హ్యాకర్ కప్ వంటివి ఒక రకం. వాటిలో ఇచ్చే సమస్యలు పోటీ కోసమే కూర్చినవి, వాటి పరిష్కారాలు నిర్వాహకుల దగ్గర ముందే ఉంటాయి. పోటీదారు రాసిన కోడ్‌తో కంపెనీకి తర్వాత పని ఉండదు. కంపెనీ ఆశించేది నాలుగు చోట్ల పేరు వినిపించడం, మంచి ప్రోగ్రామర్లతో పరిచయం పెరగడం, ఉద్యోగానికి తగినవారు కంటబడటం. తీర్పులో కూడా మనుషుల ఇష్టాయిష్టాలకు చోటు చాలా తక్కువ, ఎందుకంటే ప్రోగ్రామ్ పరీక్షలన్నిటికీ సరైన జవాబు ఇచ్చిందా, గడువులోపు ఇచ్చిందా అన్నదే కొలత. ఓడినవారికి పోయేది కొన్ని గంటల సమయం, ఆ గంటల్లో అబ్బిన నేర్పు మాత్రం వారి దగ్గరే ఉంటుంది. ఈ రకం పోటీల మీద నాకు పెద్దగా అభ్యంతరం లేదు.

మీరు చెప్పిన పోటీ రెండో రకానికి చెందినది. పరిష్కారం తమ దగ్గర లేదు కనుకనే వారు పోటీ పెట్టారు. మీరు అందులో ఎనిమిది వారాలు చేసేది, మరో పేరుతో అయితే జీతమిచ్చి చేయించుకోవలసిన పని. వంద జట్లు పనిచేస్తే మూడు జట్లకు డబ్బు, మిగిలిన తొంభై ఏడింటికి ధన్యవాదాలు, కోడ్ మాత్రం వంద జట్లదీ కంపెనీకి. మీ మనసు సమాధానపడకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఇక "ఎవరూ బలవంతపెట్టలేదు" అన్న వాదన. ఇష్టపడి కుదుర్చుకున్న ఒప్పందాలన్నీ న్యాయమైనవే అయితే కనీస వేతన చట్టాల అవసరమే ఉండేది కాదు. ఇష్టపడటం అనేది ఒప్పందం చెల్లుతుందా లేదా అన్నదానికి జవాబు చెబుతుంది, న్యాయమైనదా కాదా అన్నదానికి చెప్పదు. పైగా ఇలాంటి పోటీలకు ఎక్కువగా వచ్చేది ఉద్యోగం వెతుక్కుంటున్నవారు, అనుభవం చూపించుకోవడానికి మరో మార్గం లేనివారు. వారి ఇష్టం వెనుక ఎంత అవసరం ఉందో కంపెనీలకు తెలియని విషయం కాదు. గ్రాఫిక్ డిజైన్ రంగంలో ఈ చర్చ ఎప్పుడో మొదలైంది. చెల్లింపు హామీ లేకుండా ముందుగానే పని చేసి చూపమనే పద్ధతిని అమెరికాలోని డిజైనర్ల సంఘం ఏఐజీఏ చాలాకాలం పాటు వ్యతిరేకిస్తూ వచ్చింది. మన వృత్తిలో అలాంటి ఉమ్మడి స్వరం లేదు, అందువల్ల ఎవరికి వారే నిబంధనలు చదువుకుని తేల్చుకోవలసి వస్తోంది.

సమాధానం — మోడల్‌శిల్పి

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే, రెండో రకం పోటీలన్నిటినీ ఒకే గాటన కట్టలేమని చెప్పదలిచాను. అందుకు నెట్‌ఫ్లిక్స్ పోటీని కాస్త వివరంగా చూడటం మంచిది, ఎందుకంటే మేలూ కీడూ రెండూ అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

2006 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ దాదాపు 10 కోట్ల సినిమా రేటింగులను విడుదల చేసి, సినిమాలను సూచించడానికి తాము వాడే సినీమ్యాచ్ పద్ధతి కంటే 10 శాతం మెరుగ్గా రేటింగులను ఊహించగలిగినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. 180కి పైగా దేశాల నుంచి 40 వేలకు పైగా జట్లు నమోదు చేసుకున్నాయి. 2009లో రెండు జట్లు తుది పరీక్షలో సరిగ్గా ఒకే ఫలితం, 10.06 శాతం, సాధించాయి. ఎంట్రీని 20 నిమిషాలు ముందు పంపిన జట్టుకు మొత్తం బహుమతి దక్కింది, రెండో జట్టుకు ఏమీ రాలేదు. నిబంధన ముందే ప్రకటించారు కాబట్టి దాన్ని మోసం అనలేము. అయినా సమానమైన ప్రతిభకు ఒకవైపు 10 లక్షలు, మరోవైపు సున్నా రావడం బహుమతిని ఏర్పాటు చేసిన తీరులో ఉన్న లోపమే.

గెలిచినవారి లెక్క కూడా చూడండి. ఏటా ఇచ్చే ప్రగతి బహుమతిగా 2007లో ఒక జట్టు 8.43 శాతం మెరుగుదలతో 50 వేల డాలర్లు గెలుచుకుంది. 107 అల్గారిథంలను కలిపిన ఆ పరిష్కారానికి రెండు వేల గంటలకు పైగా పట్టిందని ఆ జట్టే చెప్పింది. అంటే అందరికంటే ముందు నిలిచిన జట్టుకు కూడా గంటకు 25 డాలర్లకు మించలేదు. పైగా ఆ జట్టులోనివారు అమెరికా టెలికాం సంస్థ ఏటీ అండ్ టీ పరిశోధకులు, వారికి జీతం మరోచోట నుంచి వస్తోంది. ఇంటి దగ్గర రాత్రిళ్లు మేల్కొని పనిచేసేవారు ఇలాంటివారితో పోటీ పడుతున్నారన్న సంగతి బహుమతి ప్రకటనల్లో కనిపించదు.

ఇంత చెప్పిన తర్వాత కూడా ఆ పోటీని నేను అన్యాయమైనదిగా భావించను. గెలవనివారి కోడ్‌ను కంపెనీ అడగలేదు. గెలిచినవారు తమ పద్ధతిని లోకానికి వివరించాలన్నది షరతు. కంపెనీ తీసుకున్న లైసెన్సు కంపెనీకి మాత్రమే పరిమితమైనది కాదు, అంటే గెలిచినవారు అదే పద్ధతిని మరెక్కడైనా వాడుకోవచ్చు. సైమన్ ఫంక్ అన్న పేరుతో ఒక పోటీదారు 2006 డిసెంబరులోనే తన మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ పద్ధతిని (పెద్ద రేటింగుల పట్టికను చిన్న పట్టికలుగా విడగొట్టి ఖాళీలను ఊహించే పద్ధతి) బహిరంగంగా రాసి పెట్టారు, మిగిలిన జట్లు దాని మీద నిర్మించుకుంటూ వెళ్లాయి, ఈ రంగంలో చదువుకునేవారు ఈనాటికీ దాన్ని నేర్చుకుంటున్నారు. ఓడినవారి చేతిలో కూడా అంతటి డేటాసెట్ మీద సాధించిన అనుభవం మిగిలింది. అదే పోటీలో "ప్రతి ఎంట్రీ మాదే" అన్న నిబంధన ఉండి ఉంటే నా అభిప్రాయం పూర్తిగా వేరుగా ఉండేది.

తుది విజేత పరిష్కారాన్ని పూర్తిగా అమలు చేయడానికి అయ్యే ఇంజినీరింగ్ శ్రమకు తగిన లాభం కనిపించలేదని నెట్‌ఫ్లిక్స్ 2012లో చెప్పింది. వారు వాడుకున్నది 2007 నాటి పరిష్కారంలోని రెండు అల్గారిథంలను. కాబట్టి కంపెనీలు ప్రతి పోటీలోనూ లక్షల విలువైన కోడ్‌ను చవకగా కొట్టేస్తున్నాయన్న భావన కూడా అన్నిసార్లూ నిజం కాదు.

సమాధానం — వేదికవెనుక

నేను పనిచేసిన చోట ఇలాంటి పోటీల నిర్వహణలో పాలుపంచుకున్నాను కనుక, ఆ హక్కుల వాక్యం ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. చాలాసార్లు దాన్ని రాసేది పోటీని రూపొందించిన ఇంజినీర్లు కాదు, న్యాయ విభాగం. వారి భయం ఇది: కంపెనీ లోపల ఒక బృందం ఇప్పటికే అలాంటి ఆలోచన మీద పనిచేస్తూ ఉండవచ్చు. రేపు ఆ ఉత్పత్తి బయటికి వస్తే, ఓడిన పోటీదారు ఒకరు "ఇది నా ఎంట్రీ నుంచి తీసుకున్నదే" అని దావా వేయవచ్చు. ఆ భయంతో అన్ని హక్కులూ ముందే రాయించుకుంటారు. భయం నిజమైనదే, కానీ దానికి ఇంత పెద్ద మందు అవసరం లేదు. "కంపెనీ స్వతంత్రంగా తయారుచేసుకున్న వాటి మీద దావా వేయను" అన్న హామీ పోటీదారు నుంచి తీసుకుంటే చాలు. మూల్యాంకనం కోసం మాత్రమే ఎంట్రీని వాడుకునే లైసెన్సు తీసుకుని, బహుమతి ఇచ్చినప్పుడే పూర్తి హక్కు పొందేలా రాయవచ్చు. తొలికోడ్ గారు చెప్పిన వాక్యం దీనికంటే చాలా దూరం వెళ్లింది.

బహుమతిని పంచే తీరు మీద కూడా ఒక మాట. గూగుల్ 2007లో ఆండ్రాయిడ్ కోసం కోటి డాలర్ల పోటీ ప్రకటించినప్పుడు, మొదటి విడతలో తొలి వడపోత దాటిన 50 మందికి తలా 25 వేల డాలర్లు ముందే ఇచ్చింది. ఆ డబ్బుతో వారు తమ యాప్‌లను మెరుగుపరుచుకున్న తర్వాత, వారిలో 10 మందికి 2 లక్షల 75 వేల చొప్పున, మరో 10 మందికి లక్ష చొప్పున దక్కాయి. శ్రమ ఎక్కువయ్యే రెండో దశలోకి ఎవరూ ఖాళీ చేతులతో వెళ్లనవసరం లేకపోయింది. సుదీర్ఘమైన పోటీలకు ఇది సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఖర్చు పెద్దగా పెరగదు, ఉన్న మొత్తాన్నే వేరుగా పంచాలి, అంతే.

సమాధానం — పరీక్షకురాలు

హక్కుల గురించి అందరూ వివరంగా రాశారు గనుక నేను తీర్పు గురించి మాత్రమే రాస్తాను. 2013లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 10 లక్షల డాలర్ల హ్యాకథాన్ (తక్కువ వ్యవధిలో యాప్ తయారుచేసే పోటీ) నిర్వహించింది. గెలిచిన జట్టు అంతకుముందే తయారుచేసుకున్న కోడ్‌ను వాడిందనీ, ఆ జట్టులో కంపెనీ పూర్వ ఉద్యోగి ఉన్నారనీ విమర్శలు వచ్చాయి. తమ యాప్‌లను ఎవరూ తెరిచి కూడా చూడలేదని మరికొందరు ఫిర్యాదు చేశారు. విచారణ తర్వాత కంపెనీ రెండో స్థానంలోని జట్టుకు కూడా 10 లక్షలు ఇచ్చింది. ఆ ఇద్దరికీ దారి దొరికింది గానీ, తమ ఎంట్రీని ఎవరూ చూడలేదన్నవారికి ఆ నిర్ణయంతో ఒరిగిందేమీ లేదు.

కొలత యంత్రం చేతిలో ఉన్నా ఇబ్బంది రావచ్చు. ఫేస్‌బుక్ తదితర సంస్థలు డేటా పోటీలు నడిపే కాగుల్ అనే ఆన్‌లైన్ వేదిక మీద నిర్వహించిన డీప్‌ఫేక్ (ముఖాలను కృత్రిమంగా మార్చిన వీడియోల) గుర్తింపు పోటీలో, 2020లో ఫలితాలు ఖరారయ్యే దశలో అగ్రస్థానంలో ఉన్న జట్టును బయటి డేటాకు సంబంధించిన నిబంధన కింద అనర్హులుగా తేల్చారు. ఆ జట్టు వాడింది స్వేచ్ఛా లైసెన్సు ఉన్న వీడియోలను. వాటిలో కనిపించే మనుషుల అనుమతి పత్రాలు కూడా కావాలన్నది నిర్వాహకుల వ్యాఖ్యానం. మనుషుల ముఖాల విషయంలో అంత జాగ్రత్త పడటం సబబే. కానీ నిబంధనకు ఉన్న ఆ అర్థం పోటీ మొదట్లోనే అందరికీ తేటతెల్లంగా తెలిసి ఉండాలి, నెలల శ్రమ ముగిశాక కాదు.

అందువల్ల తొలికోడ్ గారూ, ఎంట్రీలను ఎవరు చూస్తారు, ఏ కొలతతో చూస్తారు, ఓడినవారికి తమ స్కోరు తెలుస్తుందా, నిర్ణయం మీద అభ్యంతరం చెప్పుకునే దారి ఉందా అన్నవి మీ నిబంధనల పత్రంలో వెతకండి. "న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం" అన్న ఒక్క వాక్యమే కనిపిస్తే, అలాంటి చోట ఎనిమిది వారాలు వెచ్చించమని నేను చెప్పలేను.

ప్రశ్నించినవారి స్పందన — తొలికోడ్

అందరికీ కృతజ్ఞతలు. గెలవని ఎంట్రీలపై హక్కును మూల్యాంకనం వరకే పరిమితం చేస్తారా అని, స్కోర్లు అందరికీ వెల్లడిస్తారా అని నిర్వాహకులకు ఈమెయిల్ రాశాను. స్కోర్లు వెల్లడిస్తామని, హక్కుల నిబంధన మాత్రం మార్చబోమని జవాబు వచ్చింది. కనుక ఈ పోటీలో పాల్గొనడం లేదు. అదే సమస్య మీద బహిరంగంగా దొరికే డేటాతో పనిచేసి, కోడ్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సుతో నా పేరు మీదే ఉంచాలనుకుంటున్నాను. ఇందులో నేను గమనించనిది ఏమైనా ఉందా?

సమాధానం — గ్రాఫ్‌బాట

ఒకటుంది. మీరు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నారు కనుక మీ నియామక ఒప్పందంలో మేధోసంపత్తి గురించి రాసిన భాగాన్ని చదవండి. పని వేళల బయట, సొంత కంప్యూటర్ మీద రాసిన కోడ్ కూడా సంస్థకే చెందుతుందని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అలాంటి షరతు ఉంటే, పోటీకి పంపేముందు ఎలాగో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసేముందూ అలాగే సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతిలో ప్రాజెక్టు పేరు, మీరు వాడబోయే లైసెన్సు పేరు రెండూ ఉండేలా చూసుకోండి.