ఎండలో పుట్టినవాడికి సింగపూర్ ఎండ ఒక లెక్కా?

సోంపేట_అన్నయ్య: మా తమ్ముడు వెల్డర్. వచ్చే నెల సింగపూర్ షిప్‌యార్డుకు వెళ్తున్నాడు. ఎండ గురించి అడిగితే ఏజెంటు నవ్వేశాడు. "రోహిణి కార్తెలో జీడితోటల్లో తిరిగినవాళ్లు మీరు, అక్కడి 32 డిగ్రీలు ఒక లెక్కా?" అన్నాడు. నాన్నదీ అదే మాట. మీరేమంటారు?

విజయనగరం_కోట: ఏజెంటు మాటలో తప్పేముంది? నేను అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి వచ్చాను. నా భయమంతా లారీ గురించే. కూలీలను లారీ వెనక కూర్చోబెట్టి సైటుకు తీసుకెళ్తారు. సీటు బెల్టు ఉండదు, సగం మంది నిద్రలో తూగుతుంటారు. తమ్ముడికి ముందు ఆ సంగతి చెప్పండి.

కవిటి_కొబ్బరి: లారీ విషయం ఒప్పుకుంటాను, ఎండ విషయం ఒప్పుకోను. మనం తెల్లవారకముందే తోటలో దిగి, ఎండ ముదిరేసరికి చెట్టు కింద చేరతాం. ఎప్పుడు ఆగాలో మన ఇష్టం. అక్కడ సూపర్‌వైజర్ ఇష్టం. పైగా వెల్డర్ ఒంటి మీద మందపాటి చొక్కా, తోలు ఏప్రాన్, చేతులకు గ్లౌజులు, ముఖానికి షీల్డు. ఓడ ట్యాంకులో గాలి ఆడదు. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరనిదే ఒళ్లు చల్లబడదు. అందుకే 2023లో అక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. ఎండ, తేమ, గాలి కలిపి కట్టే సూచీ 33 డిగ్రీలకు చేరితే, బరువు పని చేసేవారికి గంటకు కనీసం 10 నిమిషాల విశ్రాంతి. కొత్తగా వచ్చినవారిని కనీసం వారం పాటు మెల్లగా అలవాటు చేయాలి. రోహిణి కార్తె సర్టిఫికెట్టు చూపిస్తే మినహాయింపేమీ లేదు.

విజయనగరం_కోట: నియమం గోడ మీద బాగానే ఉంటుంది. మేస్త్రీ కళ్లెదుట ఎవడు కూర్చుంటాడండీ? ఓవర్‌టైమ్ పోతుందని భయం.

కవిటి_కొబ్బరి: నేను చెప్పేదీ అదే. మరుగుదొడ్డికి అంత దూరం దిగి రావాలని నీళ్లూ తాగరు. సాయంత్రం నడుము పట్టేస్తే ఒక నొప్పి బిళ్ల. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ బిళ్లలు కిడ్నీలకు చేటు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణమే ఇంకా తేలలేదు. ఆ మట్టి నుంచి వెళ్లేవాడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి.

పలాస_నర్సు: డెంగీని మరిచిపోయారు. 2020లో ఒక్క సింగపూర్‌లోనే 35 వేలకు పైగా కేసులు. ఆ దోమ పగలు కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం దిగిన రోజున బాగైపోయిందని పనిలోకి వెళ్తారు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం మొదలయ్యేది చాలాసార్లు అప్పుడే. ఇంకొక సంగతి: వర్క్ పర్మిట్ వైద్య పరీక్షలో ప్రధానంగా చూసేది క్షయ, హెచ్ఐవీ, సిఫిలిస్, మలేరియా. కిడ్నీల సంగతి మనమే చూసుకోవాలి. బయలుదేరే ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

విజయనగరం_కోట: చేయిస్తే ఎక్కువ వచ్చిందనుకోండి. అప్పు చేసి ఏజెంటుకు కట్టింది ఎవరు తిరిగిస్తారు?

కవిటి_కొబ్బరి: అందుకే కట్టకముందే చేయించాలి. అన్నయ్యా, కట్టేశారా?

సోంపేట_అన్నయ్య: సగం కట్టాం. మిగతా సగం పర్మిట్ వచ్చాక. సోమవారం పలాస తీసుకెళ్తాను. నాన్నకు మాత్రం ఇంకా చెప్పలేదు.