క్యాంపస్ వైఫై 6కి మార్చాలా, ఉన్నదే బాగుచేయాలా?

గట్టుమీదోడు:
మన యూనివర్సిటీలో ఉన్నవి 802.11ఏసీ, అంటే 2013 నాటి వైఫై 5 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు). అవన్నీ పీకేసి వైఫై 6వి పెడతారట. మొదటి విడత లైబ్రరీ, ఆఫీసు, తరగతుల బ్లాకులు. హాస్టళ్లు చివర్న. అవసరమంటారా?

కొబ్బరాకు:
ఏపీలు మారుస్తారంటే రాష్ట్రం మళ్లీ విడగొడుతున్నారనుకున్నాను.

పాతస్విచ్:
ఇరవై రెండేళ్లు ఇలాంటి క్యాంపస్‌లోనే తీగలు లాగినవాణ్ణి. ఏపీ ఒక్కటే మారిస్తే ఏమొస్తుందండీ? వెనక ఏపీల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, అదే స్విచ్, 100 ఎంబీపీఎస్‌ది. కాలవ పూడిక తీయకుండా తూము వెడల్పు చేసినట్టు. పైగా ఏపీకి కరెంటు కూడా ఆ స్విచ్ పోర్టు నుంచే తీగలో వెళ్తుంది, పాత పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు. కొత్తవాటిలో చాలావాటికి 30 వాట్ల పోర్టు కావాలి, లేకపోతే రేడియోలు కొన్ని ఆపేసుకుంటాయి. ముందు స్విచ్‌లు.

బీబ్లాక్214:
స్పీడెవరడిగారు సార్? రాత్రి తొమ్మిదింటికి మా వరండాలో ఒక్క ఏపీ మీద అరవై ఫోన్లు. సిగ్నల్ నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. నర్సాపురం రేవులో పంటు మీద ఒక్కొక్కళ్లనే ఎక్కించుకుని సఖినేటిపల్లిలో దింపొస్తే ఎలా ఉంటుందో అలా. వైఫై 6లో ఓఎఫ్‌డీఎంఏ ఉంది. చానల్‌ని ముక్కలు చేసి ఒకే ట్రిప్పులో పదిమందిని దాటిస్తుంది.

పాతస్విచ్:
పంటు ఎక్కాలంటే ఫోను కూడా వైఫై 6ది అయ్యుండాలి బాబూ. పాత ఫోన్లన్నీ మళ్లీ ఒక్కొక్కటే.

ఐదోయేడు_పీహెచ్‌డీ:
అసలు 6 దేనికి? వైఫై 7కి 2024 జనవరి నుంచే సర్టిఫికెట్లు ఇస్తున్నారు. కొనేదేదో 7 కొనండి.

పాతస్విచ్:
7 పెట్టినా స్విచ్ అదేగా!
నా సంగతే చెప్తాను. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది కదా, ఆ మర్నాటికి మా దగ్గర 17 ఏపీలు పడుకున్నాయి. కంపెనీవాళ్లు మొత్తం మార్చాలన్నారు. నిచ్చెనేసుకుని నేనే విప్పి చూశాను. తీగ చివరుండే ఆర్‌జే45 కనెక్టర్ల పిన్నులు పచ్చగా చిలుం పట్టిపోయున్నాయి. ఉప్పుగాలి, ఇంకేముంది. కొత్త కనెక్టర్లు వేస్తే 14 లేచాయి. బహుమానంగా నాకు మెమో. కాంట్రాక్టులో ఉన్నవాటిని నువ్వెందుకు ముట్టుకున్నావని!

కొబ్బరాకు:
మా ఊళ్లో చెట్టెక్కితే 5జీ వస్తుంది. ఆయ్.

బీబ్లాక్214:
మీకు మెమో ఇచ్చారని మాకు వైఫై వద్దంటారా?

పాతస్విచ్:
వద్దని ఎవరన్నారు? హాస్టల్లో వైఫై దేనికో అందరికీ తెలుసు. రాత్రి రెండింటిదాకా రీల్సు. చదువుకునేవాడు లైబ్రరీకి పోతాడు, పదింటిదాకా తెరిచే ఉంటుంది. మొదటి విడత అక్కడ పెట్టడమే న్యాయం.

బీబ్లాక్214:
నేను "వాడు" కాదండీ. బాబునీ కాదు. మా గేటు ఎనిమిదింటికి పడుతుంది. పదింటిదాకా తెరిచుండే లైబ్రరీ ఎవరికి తెరిచినట్టు?
నెల కిందట ఇంటర్న్‌షిప్ టెస్టు రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టారు. గదిలో అందక రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని రాశాను. నలభయ్యో నిమిషంలో పోయింది. స్విచ్ వల్ల పోయిందో ఏపీ వల్ల పోయిందో నాకనవసరం. పొద్దున్న లైబ్రరీకి వెళ్తే అక్కడ బ్రహ్మాండంగా వస్తోంది. దానికే మళ్లీ కొత్తవి.

గట్టుమీదోడు:
గేటు గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టండమ్మా, ఇది వైఫై థ్రెడ్.

బీబ్లాక్214:
రెండూ ఒకటే అండీ. మీకు గేటు లేదు కాబట్టి వేరుగా కనిపిస్తున్నాయి.

ఐదోయేడు_పీహెచ్‌డీ:
7 అయితే ఈ గొడవే ఉండదు.

పాతస్విచ్:
గేటు సంగతి నాకు తట్టలేదమ్మా. విడతలు తిరగేసి హాస్టళ్లు ముందు చేయాలంటే నేనూ సంతకం పెడతాను. అయినా ముందు స్విచ్చే, అందులో మాట మార్చను.
ఆ మెట్ల దగ్గర ఏపీలోకి వెళ్లే కేబుల్ మీద చిన్నక్షరాలుంటాయి, ఫోను టార్చి వేసి చదవండి. క్యాట్ 5ఇ అనుంటే గిగాబిట్ పోతుంది, తీగ మళ్లీ లాగక్కర్లేదు. ఒట్టి 5 అనుంటే చెప్పండి.

బీబ్లాక్214:
కుర్చీ ఎక్కి చూశాను. 5 దాకా కనిపిస్తోంది. ఆ పక్కనే బల్లి గుడ్లు పెట్టింది.