సంక్రాంతి సంబరం, కోసిగి కంటి శిబిరం: వలంటీర్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు

సమన్వయం, రెడింగ్:
అందరికీ నమస్తే. జనవరిలో ఇక్కడ బ్రిటన్‌లోని రెడింగ్ హాల్లో సంబరం, మిగిలిన డబ్బుతో ఫిబ్రవరిలో కర్నూలు జిల్లా కోసిగిలో కంటి శిబిరం. హాల్లో 22 మంది వలంటీర్లు, వాళ్లలో 6 మంది ఊరికి వెళ్తారు. అరిసెలు, ముగ్గుల సంగతి వేరేగా మాట్లాడుకుందాం. ఇక్కడ వలంటీర్ల నడవడి ఒక్కటే. నా చిత్తుప్రతి ఇదీ: తలుపు దగ్గర హుండీ పెడతాం. వచ్చింది కోసిగిలో తెలిసిన కుర్రాళ్ల ఖాతాకు పంపుతాం. పాత బట్టలు, మందులు పోగుచేసి ఆరుగురి పెట్టెల్లో సర్దుతాం. రోజూ ఫొటోలు పెడతాం. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఖజానా:
అక్కా, రెండోది అసలు కుదరదు. మన సంఘం బ్రిటన్‌లో నమోదైంది కాబట్టి భారత చట్టం కంటికి మనం విదేశీయులమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉన్నవాళ్లకే పంపాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో వాళ్లకున్న ప్రత్యేక ఖాతాలోనే పడాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకొకరికి బదిలీ చేయడం కూడా అదే సవరణతో ఆగిపోయింది. అంటే 'ఆసుపత్రికి పంపుదాం, వాళ్లు కుర్రాళ్లకు ఇస్తారు' అనే దారి కూడా లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఆసుపత్రే శిబిరం నడపాలి, కుర్రాళ్లు చేయి సాయం పట్టాలి. రిజిస్ట్రేషన్ గడువు ఏ తేదీ వరకు ఉందో కాగితం చూశాకే పంపుతాను.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ వాళ్లు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాల వాళ్లు, ఇస్తే అవుతుంది. అలాగని హుండీ డబ్బును ఒకరి సొంత డబ్బుగా చూపి పంపుదామని ఎవరూ అనొద్దు. రేపు నోటీసొస్తే చిక్కుకునేది అక్కడి కుర్రాడు, మనం కాదు.

హుండీ పెట్టుకోవచ్చు. నంబరున్న సీలు వేయాలి, పక్కన ఎప్పుడూ ఇద్దరుండాలి. లెక్కపెట్టే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. అక్కడే సంతకాలు, తర్వాతి పనిదినానే బ్యాంకు. లెక్కలు ఎక్కువగా తప్పేది దొంగతనంతో కాదు, 'హుండీలోంచి ఇరవై పౌండ్లు తీసి పాలు తెచ్చా, బిల్లు తర్వాత ఇస్తా' అనడంతో. లెక్క కాకముందు ఒక్క పైసా బయటికి రాకూడదు. ప్రవేశ టికెట్టు, లాటరీ టికెట్టు డబ్బుకు గిఫ్ట్ ఎయిడ్ (విరాళం మీద బ్రిటన్ ప్రభుత్వం తిరిగిచ్చే పన్ను) రాదు, అవి విరాళం కావు. వాటికి డిక్లరేషన్ ఫారం చేతికివ్వొద్దు.

ఆదోని నుంచి:
అక్కా, ఫిబ్రవరి అంటే సుగ్గి కాలం, కూలికి వలసపోయే రోజులు. కోసిగి, కౌతాళం పల్లెల్లో చానా ఇండ్లకు తాళాలుంటాయి. మిరపకాయ తెంపను గుంటూరు దిక్కు పోయింటారు, కొందరు బెంగళూరు పోయింటారు. ఊర్లో మిగిలేది ముసలోళ్లు, బడి పిల్లోళ్లు. పరీక్షకు ముసలోళ్లు వస్తారు, సరే. ఆపరేషన్ అయినంక చుక్కలేసేదెవరు? కొడుకు, కోడలు ఉగాదికి తిరిగొస్తారు. పరీక్షలు ఫిబ్రవరిలో పెట్టి, ఆపరేషన్లు ఉగాది దాటినంక పెట్టుకోండి.

చోటు బడి అయితే మేలు, ఆదివారం. ఏ నాయకుడి ఇంటి ముందరా వద్దు, గుడి అరుగు మీదా వద్దు. రాలేనోళ్లు ఎవరో మీకు కనపడరు, రానోళ్లు రానట్లే ఉంటారు. పేర్ల లిస్టు కూడా ఒకరి చేతికివ్వొద్దు. ముందురోజు అన్ని కేరీల్లో (వాడల్లో), ఎస్సీ కాలనీతో సహా, దండోరా వేయించి, వచ్చిన వరసలో టోకెన్లివ్వండి. కండువాలు, శాలువాలు వద్దు. ఒక్క పార్టీ కండువా కనపడితే సగం ఊరు రాదు.

ఇంకోటి. ఈ దిక్కు ఇండ్లల్లో కన్నడ మాట్లాడేవాళ్లు ఉంటారు. తెలుగు కాగితం ముందర పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు కాదు. చదివి చెప్పేవాళ్లు ఉండాల.

వైద్య బృందం:
మందుల పెట్టెలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం దానంగా ఇచ్చే మందుకు చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి. ఇంట్లో సగం వాడిన చుక్కల సీసా ఎవరి కంట్లోనూ వేయరాదు. కళ్లద్దాలూ ఆదోనిలోనో కర్నూల్లోనో కొనండి, బిల్లుంటుంది, విరిగితే బాగుచేయించుకునే చోటూ ఉంటుంది.

వెళ్లేవాళ్లలో ఇద్దరు ఇక్కడ డాక్టర్లు. భారత్‌లో అనుమతి లేకుండా చీటీ రాయకూడదు, కంట్లో చుక్క వేయకూడదు. 'లండన్ డాక్టరు' అని ఫ్లెక్సీ వేస్తే జనం ఆ ఇద్దరి వరసలోనే నిలబడతారు. వాళ్లకు టోకెన్ల బల్ల ఇద్దాం. చిన్నతనం ఏమీ లేదు.

చదువు రానివాళ్లకు ఇంగ్లీషు 'E' అక్షరం ఆకారపు చార్టు, 6 మీటర్ల దూరం. గది చిన్నదైతే 3 మీటర్లలో అద్దం పెట్టండి. ఒక్కొక్కరికి 6 నిమిషాలనుకుంటే ఒక ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణులు) 6 గంటల్లో 60 మందిని చూస్తారు. ఇద్దరుంటే 120 టోకెన్లే, ఆపైన ఇవ్వొద్దు. ఎండలో నిలబెట్టి వెనక్కి పంపడం కన్నా ముందే 'ఇంకో రోజు రండి' అనడం మర్యాద. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసినవాళ్లకు కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ కళ్లల్లో పొడుస్తుంది. ఒంటరిగా పంపొద్దు. ఆపరేషన్ బడిలో కాదు, ఆసుపత్రి థియేటర్లోనే. మర్నాడు, వారానికి, నెలకు చూపించుకునే బండి ఖర్చు ఇప్పుడే పక్కన పెట్టండి. శిబిరాలు చెడేది ఈ మూడోసారి చూపించుకోవడం దగ్గరే. శుక్లం ఉగాది దాకా ఆగుతుంది. ఎర్రబడి నొప్పి ఉన్న కన్ను, హఠాత్తుగా చూపు తగ్గిన కన్ను ఆగవు. ఆ రోజే కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి పంపాలి.

పిల్లల రక్షణ:
సుగ్గికి వెళ్లినవాళ్ల పిల్లలు సీజనల్ హాస్టళ్లలో ఉంటారు. మనవాళ్లు 'ఒకసారి చూసొస్తాం' అంటారు. వద్దు. తప్పనిసరి పని ఉంటే వార్డెన్ ఎదుట, ఇద్దరుగా. చాక్లెట్లు పంచడం, ఫోన్ నంబరివ్వడం, ఒక్క పిల్లను బండి ఎక్కించుకోవడం ఏవీ కుదరవు. పిల్ల ఏదైనా అఘాయిత్యం చెబితే పోలీసులకు చెప్పకుండా మనలో మనం విచారణ పెట్టుకుని ఊరుకోవడం నేరం కిందికే వస్తుంది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098.

పెద్దల విషయంలో కూడా ఐక్యరాజ్యసమితి 2003లో రాసిన నియమమే మనకూ: సాయానికి బదులుగా ఏ రకమైన శారీరక సంబంధమూ అడగరాదు, 18 లోపు వాళ్లతో ఏ సాకూ చెల్లదు. ఈ నియమం కింద సంతకం పెట్టనివాళ్లు విమానం టికెట్టు కొనుక్కోవద్దు. ఫిర్యాదుల పెట్టె దండగ, రాసేదెవరు? మన బృందంలో లేని ఒక ఆడమనిషి నంబరు టోకెను వెనక అచ్చువేద్దాం, కన్నడ కూడా రావాలి.

సమన్వయం, రెడింగ్:
బట్టల మాట వెనక్కి తీసుకున్నా, 2004 సునామీలో రోడ్ల పక్కన గుట్టలు పడిన పాత చీరలు అందరం చూశాం. కానీ దాతలు ఫొటోలడుగుతారు కదా?

పిల్లల రక్షణ:
చార్టు, బల్ల, టోకెన్ల డబ్బా, వీపులు కనపడే వరస తీయండి. మొహం కావాలంటే పరీక్ష అయ్యాక అడగాలి, ముందు అడిగితే 'వద్దు' అనే ధైర్యం ఎవరికుంటుంది? పిల్లల మొహాలు, ఊరి పేరుతో కలిపి రోగి పేరు ఎప్పుడూ వద్దు. తీసేవాళ్లు ఒక్కరే, మిగతా ఐదుగురి ఫోన్లు సంచిలో.

ఖజానా:
దాతలకు ఫొటో కన్నా లెక్క నచ్చుతుంది. ఎన్ని టోకెన్లు, ఎన్ని కళ్లద్దాలు, ఎన్ని ఆపరేషన్లు, ఎంతమంది మూడోసారి వచ్చారు. నేను రాస్తాను.

సమన్వయం, రెడింగ్:
సరే, అలాగే మారుస్తున్నా. తేలాల్సినవి మూడు: హుండీ సీళ్లు ఎవరు తెస్తారు, బడి హెడ్‌మాస్టరు రాతపూర్వక అనుమతి, కన్నడ వచ్చే ఆమె.

ఆదోని నుంచి:
హెడ్‌మాస్టరును సోమవారం కలుస్తా. ఆమె కోసం ఆశా కార్యకర్తలను అడుగుతా, కానీ ఆమెకు రోజు కూలి ఇవ్వాల, ఊరికే పని చేయించుకోవద్దు.