ఊపిరితిత్తి గాయాన్ని మూసే సాగే ప్రొటీన్ జిగురు గురించి

ప్రశ్న:
మా నాన్నగారికి ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశాక, కుట్లు వేసిన చోటు నుంచి గాలి కారడం ఆరు రోజుల వరకూ ఆగలేదు. పక్కటెముకల మధ్య నుంచి వేసిన గొట్టాన్ని మంచం కింద నీళ్ల సీసాలోకి దింపారు. ఆయన దగ్గినప్పుడల్లా అందులో లేచే బుడగలను చూస్తూ రాత్రంతా కూర్చున్నాను. ఇలాంటి చోట పూసే సాగే ప్రొటీన్ హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే మెత్తని జెల్) ఒకటి ఉందని చదివాను. ఇప్పుడు వాడుతున్న ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్) జిగురుకు, దానికి తేడా ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
మీరు చదివినది ‘మెట్రో’ (MeTro) అనే జెల్ గురించి అయి ఉండవచ్చునండి. మన ధమనులు, చర్మం, ఊపిరితిత్తులు సాగి మళ్ళీ యథాస్థితికి రావడానికి ఆధారం ఎలాస్టిన్ అనే ప్రొటీన్. దాన్ని కట్టే ఇటుక ట్రోపోఎలాస్టిన్. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ వైస్, అమెరికాలో పనిచేస్తున్న నసీమ్ అన్నబి తదితరులు ఈ ప్రొటీన్‌కు మెథాక్రిలాయిల్ అనే రసాయన కొక్కేలను తగిలించి, 2017లో ఫలితాలను ప్రకటించారు. సిరంజితో పూసినప్పుడు అది చిక్కని ద్రవం. అతినీలలోహిత కాంతి పడితే కొక్కేలు ఒకదానినొకటి పట్టుకొని, నిమిషంలోనే నీటిని నింపుకున్న వలగా గట్టిపడుతుంది.

రెండవ సమాధానం:
ఆపరేషన్ థియేటర్‌లో చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. నిమిషానికి 15 శ్వాసలనుకుంటే రోజుకు 21,600; మన పెద్దలు చెప్పే లెక్క కూడా ఇదే. అన్నిసార్లూ ఊపిరితిత్తి ఉబ్బుతుంది, అణుగుతుంది. ఫైబ్రిన్ జిగురు శరీరానికి సరిపడుతుంది కానీ, తడిగా ఉండి కదిలే చోట దాని పట్టు బలహీనం. సయనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ తరహా జిగురు) గట్టిగా పట్టినా గాజుపెంకులా బిరుసెక్కుతుంది కాబట్టి, కణజాలం సాగినప్పుడు అంచు దగ్గర ఊడిపోతుంది. అతికించిన పొర ఊపిరితిత్తితో పాటే సాగాలన్నది అందుకే ఇంత ముఖ్యమైన విషయం.

మూడవ సమాధానం:
ఒక్క మాట చేర్చాలి. 2017 నాటి ఆ ఫలితాలు ఎలుకల ధమనులు, ఊపిరితిత్తులతో పాటు పందుల ఊపిరితిత్తుల మీద వచ్చినవి. జెల్ త్వరగా కరిగితే గాయం మానకముందే గాలి మళ్ళీ కారుతుంది. మరీ ఆలస్యంగా కరిగితే కొత్త కణజాలానికి అడ్డుపడుతుంది. నా దృష్టిలో అసలైన కష్టం ఈ సమయం కుదర్చడమే.

ఇక మీ నాన్నగారి విషయానికొస్తే, ఎడతెగకుండా వచ్చే బుడగల కంటే దగ్గినప్పుడు మాత్రమే వచ్చేవి చిన్న లీకుకు గుర్తు, అమ్మా. అలాంటివి చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి.