‘లక్షించుచున్’ అనా, ‘వీక్షించుచున్’ అనా? ప్రహ్లాదుడి పద్యంలో ఒక మాట

రేపల్లె ప్యాసింజర్:
మా అపార్టుమెంటు ఉగాది సంచికకు ఫోన్ల మీద సరదాగా ఓ పేజీ రాయమన్నారు. తింటున్నా అదే, తాగుతున్నా అదే, నడుస్తున్నా అదే కదా, పోతనగారి ప్రహ్లాదుడు గుర్తొచ్చాడు. ‘పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్’ అంటూ మొదలుపెడితే గడగడా వస్తోంది గానీ, రెండో పాదంలో ‘తిరుగుచున్’ తర్వాత ఆగిపోతున్నాను. ‘వీక్షించుచున్’ అని నాకు గుర్తు. మా ఆవిడ ‘లక్షించుచున్’ అంటోంది. ఏది సరి? పనిలో పనిగా, నోటిఫికేషన్లకీ బ్యాటరీకీ ఉన్న లంకె ఎవరైనా నాలుగు ముక్కల్లో చెబితే అదీ వాడుకుంటాను.

యతిభంగం:
హాసలీలా విరిగి ‘లా’ రెండో పాదం మొదట పడింది. ఈ పద్యం శార్దూలం, శార్దూలానికి పదమూడో అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. లాకి ల. అక్కడ ‘వీ’ ఎలా కూర్చుంటుందండీ? మీ ఆవిడగారికి నమస్కారాలు చెప్పండి.

శకటరేఫ:
పద్యం పూర్తిగా పెడుతున్నాను, ఎవరూ ముక్కలు అతికించక్కర్లేదు.

పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్ హాసలీ
లానిద్రాదులు సేయుచుం దిరుగుచున్ లక్షించుచున్ సంతత
శ్రీనారాయణపాదపద్మయుగళీ చింతామృతాస్వాదసం
ధానుండై మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్ భూవరా!

‘మఱచెన్’లో ఉన్నది బండి ఱ. కీబోర్డు దాన్ని మాటిమాటికీ మామూలు ర చేసేస్తోంది, నేను మాటిమాటికీ దిద్దుతున్నాను. కాపీ చేసుకునేవాళ్లు అలాగే ఉంచగలరు.

కృష్ణాతీరం:
యతి చెప్పేసి చేతులు దులుపుకుంటే ఎలా? అర్థం మాటేమిటి? ఈ లోకాన్నే మరిచిపోయినవాడు దేన్ని లక్షిస్తాడు? ‘చూచు’ అని టీకాల్లో రాసేసి ముందుకు వెళ్లిపోతారు. నా ఉద్దేశం వేరు. ‘వాడు నా మాట లక్ష్యపెట్టడు’ అంటాం చూడండి, ఆ లక్ష్యం ఇది. అంటే పిలిస్తే పలుకుతున్నాడు, ఎదురుగా ఉన్నదాన్ని పట్టించుకుంటున్నట్టే ఉన్నాడు, లోపల మాత్రం ఇక్కడ లేడు.

యతిభంగం:
లక్ష్యపెట్టడం వాడుకలో తర్వాత వచ్చిన అర్థం కాదని మీ దగ్గర ఏం ఆధారం ఉంది మాస్టారూ? కవికి అక్కడ లకారం కావాలి. చూడటానికి లకారంతో ఉన్న మాట అదొక్కటే చేతికందింది.

కృష్ణాతీరం:
పోతనకి మాటలు ‘చేతికందడం’ ఏమిటండీ! అవి వరసలో నిలబడి ఉండేవి.

ఓరుగల్లు వాసి:
అన్నా, మూలం చూడకుండా ఎందుకు కొట్లాట? వ్యాసులవారి శ్లోకం సంస్కృత భాగవతం సప్తమ స్కంధం నాలుగో అధ్యాయంలోనే ఉంది: ‘ఆసీనః పర్యటన్నశ్నన్ శయానః ప్రపిబన్ బ్రువన్ । నానుసంధత్త ఏతాని గోవిందపరిరంభితః’. కూర్చుంటూ, తిరుగుతూ, తింటూ, పడుకుంటూ, తాగుతూ, మాట్లాడుతూ. మొత్తం ఆరు. చూడటం లేదు, నవ్వడమూ లేదు. ఆ రెండూ మా బమ్మెర పోతన కలిపినవి. కూర్చోవడం మాత్రం వదిలేశాడు, ఎందుకో తెలియదు.

అసలు రుచి ఇంకోచోట ఉంది. మూలంలో ‘న అనుసంధత్తే’: ఈ పనుల మీద అతనికి అనుసంధానం లేదు, చేస్తున్నాడు గానీ ఎరుక లేదు. పోతన ఆ ధాతువునే పట్టుకుని తిరగేశాడు. పనులతో లేని సంధానం నారాయణ పాదాలతో ఉంది, ‘సంధానుండై’. లేనిదాన్ని ఉన్నదానిగా మార్చి చెప్పాడు. ఆధార్ అనుసంధానం, నదుల అనుసంధానం అని రోజూ వాడే మాట ఇక్కడ ఏ ఎత్తున ఉందో చూడుండ్రి.

కడపకారం:
‘మా బమ్మెర’ అన్నారు. ఒంటిమిట్ట వాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం, వింటున్నాం.

అడ్మిన్:
పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అన్న చర్చ ఈ దారంలో వద్దు. దానికి పాత దారం ఉంది, అది ఇంకా ఆరలేదు.

కంచుగంట:
ఎవరూ లెక్కపెట్టలేదేమిటి? త్రాగడం, కుడవడం, భాషించడం, హాసం, లీల, నిద్ర, తిరగడం, లక్షించడం. ఎనిమిది! మూలంలోని ఆరుని ఎనిమిది చేయడం ఊరికే జరగదు. ప్రహ్లాదుడు అష్టావధాని అని నా సిద్ధాంతం.

యతిభంగం:
హాసలీల అంటే నవ్వులాట, ఒక్కటే. ఏడు.

శకటరేఫ:
పైగా ‘నిద్రాదులు’ అన్నాడు. ‘ఆదులు’ అన్నాక లెక్క ఎక్కడ తెగుతుంది? అవధానంలో పృచ్ఛకులు ‘ఎనిమిది మంది మొదలైనవారు’ ఉంటారా?

పది శాతం:
యాప్‌లు రాయడం నా ఉద్యోగం, కాబట్టి అడిగిన రెండోదానికి జవాబు చెబుతాను. ప్యాసింజర్ గారూ, మీ పోలిక తలకిందులైంది. ఫోను పట్టుకున్న మనిషి ప్రహ్లాదుడు కాదండీ, ఫోనే ప్రహ్లాదుడు.

ఛార్జర్ తీసేసి, తెర ఆపి, బల్ల మీద కదలకుండా ఉంచండి. కొంతసేపటికి ఆండ్రాయిడ్ ఫోను డోజ్ అనే నిద్రలోకి జారుకుంటుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన ఏర్పాటు ఇది. యాప్‌లకు నెట్ అందదు, వాటి సింక్‌లన్నీ వాయిదా. మధ్యమధ్యలో కాసేపు లేచి, పేరుకున్న పనులన్నీ ఒక్క ఊపులో చేయించి మళ్లీ పడుకుంటుంది. కదలిక లేనికొద్దీ ఈ లేవడం అరుదవుతుంది. ‘మఱచెన్ ఏతద్విశ్వమున్’. అంతటి నిద్రలోనూ ఒక్క కనెక్షన్ మాత్రం తెగదు, గూగుల్ సర్వర్‌తో ఉన్నది. చాలా యాప్‌ల నోటిఫికేషన్లు ఆ ఒక్క దారినే వస్తాయి. ఐఫోనులోనూ 2009 నుంచి యాపిల్ సొంత దారి ఒకటి ఉంది. యాప్‌కో కనెక్షన్ చొప్పున మేలుకుని ఉండాల్సి వస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేసేది. సంతతసంధానం ఒక్కదానితోనే, మిగతా లోకమంతా మరుపు.

ఓరుగల్లు వాసి:
తమ్ముడూ, పోతన వింటే నవ్వుతుండె గానీ కోప్పడకపోతుండె.

రేపల్లె ప్యాసింజర్:
ఇది బాగుంది, రాసేసుకుంటున్నాను. మరి వాడని యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు పైకి తోసి మూసేస్తే బ్యాటరీ మిగులుతుంది కదా? మా ఇంట్లో అదో నిత్యకర్మ.

పది శాతం:
మిగలదు సరికదా, ఒక్కోసారి ఎక్కువ పోతుంది. ఆ వరసలో కనిపించేవాటిలో చాలావరకు ఏ పనీ చేయకుండా మెమరీలో ఊరికే పడి ఉంటాయి. తోసేసి మళ్లీ తెరిస్తే మొదటినుంచీ లోడ్ కావాలి, ఖర్చంతా అక్కడ. బ్యాటరీని తినేది ముఖ్యంగా తెర. తర్వాత మొబైల్ డేటా. ఒక్క గుడ్ మార్నింగ్ పువ్వు వచ్చినా ఫోనులో నెట్‌వర్కుతో మాట్లాడే రేడియో మేలుకుంటుంది, పని అయిపోగానే పడుకోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు అలాగే కూర్చుంటుంది. ఇరవై పువ్వులు ఒకేసారి వస్తే ఒక్క మేలుకొలుపు. నిమిషానికొకటి వస్తే ఇరవై.

కంచుగంట:
ఘంటానాదం! నేను ముందే అన్నాను కదా అవధానమని. గంట మోగిన ప్రతిసారీ అవధాని ‘ఆఁ, వచ్చె’ అని పలకడు. మనసులో లెక్క పెట్టుకుని, అడిగినప్పుడు మొత్తం ఒకేసారి చెబుతాడు. ఇక అప్రస్తుతప్రసంగి ఉన్నాడే, ‘అవధానిగారూ, ఉప్మాలో ఇంగువ వేస్తారా’ అని సమస్యాపూరణ మధ్యలో దూరతాడు. అతనికి మాత్రం అప్పటికప్పుడే జవాబు ఇవ్వాలి, ఆగమనడానికి లేదు. నిద్రలో ఉన్న ఫోనుని కూడా లేపగల నోటిఫికేషన్లు ఉంటాయా పది శాతం గారూ?

పది శాతం:
ఉంటాయి, ‘హై ప్రయారిటీ’ అంటాం. వచ్చే కాల్ లాంటివాటికి ఉద్దేశించినవి. ‘మీ బుట్టలో చీర మిగిలిపోయింది’ అనేదాన్ని కూడా ఆ దారిన పంపాలని చూసేవాళ్లు ఉంటారు. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే ముందు మన అనుమతి అడగాలి. ఆలోచించకుండా ‘సరే’ నొక్కేది మనమే.

కంచుగంట:
అచ్చం మావాడే, అప్రస్తుతప్రసంగే!

కృష్ణాతీరం:
దారం ఎటో పోతోంది. నాకు మాత్రం లక్షించు–వీక్షించు తేడా ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తోంది. తెర వెలిగింది, ఎవరిదో పేరు కనబడింది, తెరవలేదు. అది లక్షించడం. తెరిచి రీల్స్ చూస్తూ కూర్చుంటే వీక్షించడం. టీవీ వాళ్లు ‘ప్రియ వీక్షకులారా’ అంటారు, ‘ప్రియ లక్షకులారా’ అనరు. పోతనకి యతి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

యతిభంగం:
మీరు ఒప్పుకోకపోయినా పదమూడో అక్షరం పదమూడో అక్షరమే.

కడపకారం:
‘లక్షించుచున్ సంతత శ్రీనారాయణపాదపద్మయుగళీ’ అని కలిపి, పాదాలనే లక్షిస్తున్నాడని చెప్పేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

శకటరేఫ:
ద్వితీయా విభక్తి ఎక్కడుంది? సమాసం ‘సంధానుండై’ దాకా ఒకే బిగిన నడిచింది. మధ్యలో పాదాలను ఊడదీసి లక్షించడానికి ఇవ్వడం కుదరదు.

రేపల్లె ప్యాసింజర్:
మా ఆవిడ ఇంకోటి అడుగుతోంది. ‘కుడుచు’ పసిపిల్లలు పాలు తాగడానికి కదా, తాగడం ముందే చెప్పాడు, మళ్లీ ఎందుకని.

ఓరుగల్లు వాసి:
పాతరోజుల్లో కుడవడమంటే భోంచేయడమే అక్కా. కుడిచెయ్యికి ఆ పేరు అందుకే వచ్చిందని నా నమ్మకం, కుడిచే చెయ్యి గనుక. ఇప్పుడు ఎడమ బొటనవేలు కూడా ఖాళీగా లేదు. మా చిన్నోడిని చూడండి, కుడి చేతిని పెరుగన్నంలో ఉంచి, ఎడమ బొటనవేలితో తెర తోస్తూనే ఉంటాడు. మెతుకు నోట్లోకి పోతుందో మూతికి అంటుతుందో వానికే ఎరుక ఉండదు. నానుసంధత్త ఏతాని!

కడపకారం:
మనసు ఒకచోట నిలవడం గురించే అయితే ప్రహ్లాదుడిదే ఇంకో పద్యం ఉంది కదా, ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు’. ఇందులో మదనమంటే ఉమ్మెత్త అని అందరూ చెప్పేస్తారు. మదనఫలం అంటే మంగకాయ కదండీ? అది మంగచెట్టు ఎందుకు కాకూడదు?

శకటరేఫ:
కాకూడదు. ఉమ్మెత్తే.

కంచుగంట:
ఉమ్మెత్త మత్తెక్కిస్తుంది. మత్తు కోసమైనా తుమ్మెద వెళ్తుందేమో గానీ, మంగపువ్వు మీదికి ఎందుకు పోతుంది? ‘వోవునే’ అన్న ప్రశ్నలో పస ఉండాలంటే పోవాలనిపించే పువ్వై ఉండాలి.

కడపకారం:
మీరు మంగపువ్వు వాసన ఎప్పుడైనా చూశారా?